గోగులంక కాష్ఠ విభజన కేంద్రం

తుఫాను వెలిసిన మూడో రోజున అగ్నిమాపక శాఖవారు వచ్చి, మా హాస్టల్ ఆవరణలో కూలిపోయిన, అప్పటికే సగం ఎండిన నిద్రగన్నేరు చెట్టును రంపపు మిషనుతో కోసి వెళ్లారు. దారికి అడ్డు తొలగించడం వరకే వాళ్ల బాధ్యత. అందుచేత మానును ముప్పై నాలుగు మొద్దులుగా కోసి, వాటిని వంటశాల ముందుకు దొర్లించి, నాచేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఒక్కో మొద్దు మోకాలెత్తు ఉంది. వెడల్పు చూస్తే పైన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని భోంచెయ్యొచ్చు.

నేను గోగులంక ప్రభుత్వ బాలికల హాస్టల్లో జూనియర్ అసిస్టెంటుని. మా దగ్గర నూట అరవైమంది పిల్లలు. వంట కట్టెల పొయ్యి మీదే. గ్యాసు మంజూరై తొమ్మిదేళ్లయింది. పొయ్యిలు వచ్చాయి, బండలు పెట్టడానికి గది కట్టారు, గది గోడ మీద నిప్పు వాడరాదని రాశారు కూడా. గ్యాసు ఒక్కటే రావాలి.

ఆ కట్టెలు కొట్టే మనిషి గవరయ్య. ఇరవై రెండేళ్లుగా మా హాస్టల్‌కి కట్టెలు కొడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. సన్నగా, కొంచెం వంగి ఉంటాడు. అతను ఉద్యోగి కాడు. రిజిస్టర్లో అతని ప్రస్తావన "ఇతరములు" అనే శీర్షిక కింద, చీపుళ్లకీ ఫినాయిల్‌కీ మధ్యన వస్తుంది. తనని పనిలో వేసుకోమని అతను పెట్టుకున్న అర్జీలు పదకొండు నా బీరువాలో ఉన్నాయి. అన్నిటికీ ఖాళీలు లేవన్న జవాబే వెళ్లింది.

మొద్దులు వచ్చిన రోజున గవరయ్య గొడ్డలి ఎత్తలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటి చుట్టూ తిరుగుతూ, వంగి చూస్తూ, అరచేత్తో తడుముతూ గడిపాడు. వంటామె వరహాలమ్మకి ఓపిక నశించింది.

"ఏంటి గవరయ్యా, పెళ్లిచూపులా? పొయ్యిలోకి పేడు లేదిక్కడ."

"సూత్తన్నానమ్మా. నిద్రగన్నేరిది. లోపల పోగు మెలికలు తిరిగుంటాది. నడిమధ్యన కొడితే గొడ్డల్ని మింగేత్తాది. అంచు నించి ఒక్కో పలకా ఒలుచుకుంటా రావాల."

మర్నాడు పొద్దున్న అలాగే చేశాడు. మొదటి మొద్దు అంచున ఇనుప మేకు నిలబెట్టి, సమ్మెటతో రెండు దెబ్బలు వేసి, ఆగి, చెవి ఒగ్గి విన్నాడు. లోపల ఎక్కడో చిటచిటమంది. మూడో దెబ్బకి పలక విడిపోయింది. గంటలో ఆ మొద్దంతా పేళ్లయింది. పిల్లలకి ఆ రోజు అన్నంతోపాటు సాంబారు కూడా వేడిగా అందింది.

ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ వచ్చింది.

ఎక్కడో ఏదో ఆఫీసులో ఎవరో కట్టెలు కొడుతూ కాలి బొటనవేలు తెగ్గొట్టుకున్నారట. ప్రభుత్వం తీవ్రంగా పరిగణించింది. ఇకమీదట "ప్రభుత్వ ఆవరణలయందు వంటచెరకు నిమిత్తము స్థూల కాష్ఠ ఖండముల విభజన ప్రక్రియను ధ్రువీకృత నిపుణుల ద్వారా మాత్రమే చేపట్టవలెను" అని అందులో ఉంది. మా వార్డెన్ సత్యవేణి గారు రెండుసార్లు చదివి, "అంటే?" అన్నారు.

"గవరయ్య దగ్గర సర్టిఫికెట్టు ఉండాలండి" అన్నాను.

"ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరండి. అలాంటిది ఇంకా లేదు."

ఆ సంగతి శాఖకీ తెలుసు. తెలుసు గనకే రాష్ట్రంలో మొట్టమొదటి కాష్ఠ విభజన శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పాలని అదే సర్క్యులర్ రెండో పేజీలో నిర్ణయించారు. స్థూల కాష్ఠ ఖండాలు ఎక్కడ సిద్ధంగా ఉన్నాయో అక్కడే కేంద్రం పెట్టాలి. తుఫాను నష్టాల నివేదికలో "మొద్దులు: ముప్పై మూడు" అని రాసి పంపింది ఒక్క మా హాస్టలే. టైపు చేసింది నేను.

వారం తిరక్కుండా జిల్లా నైపుణ్య సమన్వయాధికారి విశ్వంభరం గారు జీపు దిగారు. తెల్లబట్టల మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. ప్రతి వాక్యం ఎవరో రాసుకుంటున్నారన్నట్టుగా చివర ఆగుతారు. సత్యవేణి గారు గవరయ్యని ముందుకి తోసి, మొదటి అభ్యర్థి ఇతనేనండి అన్నారు.

విశ్వంభరం గారు గవరయ్యని ఆపాదమస్తకం పరిశీలించారు. "విద్యార్హత?"

"రెండోతరగతండి."

"పదో తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి. వయసు?"

"తాటిచెట్ల తుఫానప్పుడు పుట్టేనంటండి. యాభై ఎనిమిదని ఈ బాబుగారు రాసేరండి."

"గరిష్ఠ వయోపరిమితి ముప్పై అయిదు. పూర్వానుభవం ఉందా?"

గవరయ్య మొహం కొంచెం వెలిగింది. "ఆయ్, ఉందండి. ఇరవై రెండేళ్లండి."

"అదీ సమస్యే" అన్నారు విశ్వంభరం గారు, నిజంగా బాధపడుతూ. "ఈ పథకం నూతన అభ్యర్థుల కోసం ఉద్దేశించబడింది. ముందే పని చేసినవారికి అశాస్త్రీయమైన అలవాట్లు ఉంటాయి. వాటిని మాన్పించడానికి ప్రత్యేక పథకం ఉంది. అది వచ్చే సంవత్సరం."

గవరయ్య తన గొడ్డలి, సమ్మెట, మేకులు గోనెసంచిలో చుట్టి వంటశాల అటక మీద పెట్టేశాడు.

కేంద్రం ఘనంగా మొదలైంది. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. పిల్లలు అన్నం తినే హాలు తరగతి గదయింది. పిల్లలు వరండాలోకి మారారు. చుట్టుపక్కల మండలాల నుంచి డిగ్రీలు చదివిన ముప్పైమందిని ఎంపిక చేశారు. మొద్దులన్నిటికీ తెల్లరంగుతో నంబర్లు వేసి, ఫొటోలు తీసి, స్టాకు రిజిస్టర్లో "శిక్షణా పరికరములు" అని ఎక్కించారు. ఎక్కించింది నేనే. సంతకం చేశాక విశ్వంభరం గారు నాకొక మాట చెప్పారు.

"ఇవి ఇప్పుడు ప్రభుత్వ పరికరాలు. శిక్షణ పూర్తయ్యేదాకా వీటికి ఎటువంటి హానీ కలగరాదు."

"చీల్చడం నేర్పడానికే కదండీ ఇవి?"

"చీల్చేస్తే తర్వాతి బ్యాచికి ఏం చూపిస్తాం?"

అందులో తర్కం ఉంది. నేను కాదనలేకపోయాను.

అందుకని స్పర్శరహిత విధానం ప్రవేశపెట్టారు. అభ్యర్థులు ఉదయమంతా హాల్లో కూర్చుని తెర మీద గొడ్డలి భాగాలు చూస్తారు. మధ్యాహ్నం బయటికి వచ్చి మొద్దుకి ఒకరు చొప్పున నిలబడతారు. ఈల వెయ్యగానే గొడ్డళ్లు ఎత్తుతారు. రెండో ఈలకి దించుతారు. మొద్దుకి జానెడు ఎత్తున ఆపాలి. ఆపలేక తగిలించినవారికి మార్కులు తగ్గిస్తారు. ముప్పై గొడ్డళ్లు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా దిగి, గాల్లో ఆగడం చూడటానికి చాలా బాగుండేది.

గవరయ్య రోజూ వచ్చి వంటశాల గుమ్మంలో కూర్చుని చూసేవాడు. గొడ్డలి ఆగినప్పుడల్లా అతని భుజం అదిరిపడేది.

"అట్టా ఆపితే నడుం పట్టేత్తాదండి ఆ కుర్రోళ్లకి" అన్నాడొకసారి నాతో. "దెబ్బంటే కిందకి పోవాలండి. పోనియ్యకపోతే మన్లోకే తిరిగొచ్చేత్తాది."

మధ్యాహ్నం వరహాలమ్మ ఎప్పట్లాగే కంచంలో అన్నం పెట్టి పిలిస్తే వచ్చేవాడు కాదు. "పని సెయ్యకుండా ఏం తింటానమ్మా" అనేవాడు. పైగా ఆ అన్నం కూడా తినేలా ఉండేది కాదు. తుఫానుకి తడిసిన కొబ్బరిడొక్కలూ మట్టలూ పొయ్యిలో పెట్టి, ఊదగొట్టంతో ఊది ఊది వరహాలమ్మ కళ్లు మంకెనపువ్వుల్లా అయ్యాయి. పొగ వచ్చేది గాని మంట వచ్చేది కాదు. అన్నం పలుకు. పప్పు పప్పుగానే ఉండేది. ముప్పై మూడు మొద్దులు వంటశాలకి పదడుగుల దూరంలో, నంబర్లతో, పట్టా కింద భద్రంగా ఉండేవి.

మూడో వారంలో ప్రార్థన సమయంలో ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. పదో తరగతి పిల్లలకి పరీక్షలు జరుగుతున్నాయి. కడుపునొప్పితో ఒకమ్మాయి లెక్కల పరీక్ష మధ్యలో లేచి వచ్చేసింది. సత్యవేణి గారు ఆ సాయంత్రం నా టేబులు ముందు నిలబడి ఉత్తరం చెప్పారు. హాస్టల్లో కట్టెలు లేవు, పిల్లలు ఉడకని తిండి తింటున్నారు, ఒక్క మొద్దు ఇప్పించండి అని. అంతకన్నా సూటిగా ఉన్న ఉత్తరం నా సర్వీసులో టైపు చెయ్యలేదు.

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. "మీ ఆవరణయందు ప్రస్తుతం ముప్పైమంది కాష్ఠ విభజన నిపుణులు శిక్షణ పొందుచున్నందున, వంటచెరకు కొరత ఏర్పడు అవకాశము లేదని తెలియజేయడమైనది."

సత్యవేణి గారు ఆ కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచారు. ఆమె ఏడుస్తారేమోనని నేను కిటికీవైపు చూశాను. ఆమె ఏడవలేదు. "ఆ శిక్షణ కేంద్రం నిబంధనల పుస్తకం మన దగ్గర ఉందా?" అన్నారు. ఉంది, వంద పేజీలది. ఇంటికి తీసుకెళ్లారు.

ధ్రువపత్రాల ప్రదానానికి రాష్ట్ర సంచాలకులు గారు స్వయంగా విచ్చేశారు. దండలు, జ్యోతి, స్వాగత గీతం అన్నీ అయ్యాయి. ముప్పైమందీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. సంచాలకులు గారు చాలాసేపు ప్రసంగించి, ఉత్సాహం ఆపుకోలేక, "నేనూ ఒక దెబ్బ వేస్తాను" అన్నారు.

విశ్వంభరం గారి మొహం పాలిపోయింది. కాని సంచాలకుల్ని జానెడు ఎత్తున ఆపమని ఎవరు చెబుతారు? రిబ్బను కట్టిన గొడ్డలి ఆయన చేతికిచ్చారు. ఆయన ఎదురుగా ఉన్న ఏడో నంబరు మొద్దు నడిమధ్యన శక్తి కొద్దీ కొట్టారు. గొడ్డలి సగం దాకా దిగింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత గొడ్డలి రాలేదు.

సంచాలకులు గారు లాగారు. విశ్వంభరం గారు లాగారు. నిపుణులు ఒకరి తర్వాత ఒకరు లాగారు. చివరికి ఆరుగురు కలిసి లాగితే గొడ్డలితోపాటు మొద్దూ లేచింది గాని రెండూ విడిపోలేదు. "ఇరుక్కున్న గొడ్డలిని తీయుట మా సిలబస్‌లో లేదు సార్" అన్నాడు ప్రథమ స్థానం వచ్చిన అభ్యర్థి. "అది రెండో సెమిస్టరు" అని విశ్వంభరం గారు ధ్రువీకరించారు. సంచాలకులు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఫొటోగ్రాఫర్లు ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

అప్పుడు వంటశాల గుమ్మంలోంచి గవరయ్య లేచాడు. అటక మీది గోనెసంచి దింపుకుని నెమ్మదిగా వచ్చాడు. ఎవరూ ఆపలేదు. ఎలా ఆపాలో ఎవరికీ తోచలేదనుకుంటాను.

"తమరు కూసింత పక్కకి జరగండి బాబయ్యా" అన్నాడు సంచాలకులతో.

మొద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇరుక్కున్న గొడ్డల్ని ముట్టుకోలేదు. అంచున మేకు పెట్టి సమ్మెటతో రెండు దెబ్బలు వేసి, విన్నాడు. మూడో దెబ్బకి పలక ఊడింది. అవతలి అంచున ఇంకొకటి. అలా నాలుగు వైపులా ఒలిచాక మిగిలిన నడుముకి మేకు వేసేసరికి మొద్దు రెండుగా విచ్చుకుని, రిబ్బను గొడ్డలి తనంతట తానే కిందపడింది. గవరయ్య దాన్ని తీసి, పంచెతో తుడిచి, సంచాలకులకి రెండు చేతులా అందించాడు. ఆయన మనసారా అతని భుజం తట్టారు. వరండాలోంచి నూట అరవైమంది పిల్లలు ఈలలు వేశారు.

మర్నాడు గవరయ్యకి మెమో వచ్చింది. ధ్రువపత్రం లేకుండా ప్రభుత్వ శిక్షణా పరికరం నంబరు ఏడును ధ్వంసం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

సత్యవేణి గారు మెమో చదివి, సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, కాగితం గుర్తుపెట్టిన చోట తెరిచారు. ఎనభై ఒకటో పేజీ. మరమ్మతుకు వీల్లేకుండా దెబ్బతిన్న కొయ్య పరికరాలను సమీపంలోని ప్రభుత్వ వంటశాలకు వంటచెరకుగా అప్పగించవలెను.

ఏడో నంబరు మొద్దు ఆ పూట పొయ్యిలోకి వెళ్లింది. నెల తర్వాత మొదటిసారి అన్నం మెత్తగా ఉడికింది. పిల్లలు మూడోసారి వడ్డించుకున్నారు. వరహాలమ్మ గవరయ్య చెయ్యి పట్టి లాక్కొచ్చి కంచం ముందు కూర్చోబెట్టింది. ఈసారి అతను తిన్నాడు.

సాయంత్రం సత్యవేణి గారు అతన్ని ఆఫీసులోకి పిలిచారు. "చూడు గవరయ్యా, నీకు గట్టిగా చెబుతున్నాను. రేపు పొద్దున్న ఎసరు పెట్టే వేళకి వచ్చి ఏ మొద్దునీ పగలగొట్టకూడదు. ముఖ్యంగా పదకొండో నంబరు. అది బాగా ఎండింది."

గవరయ్య తల గోక్కుని, "ఆయ్, అట్టాగేనండి" అన్నాడు.

మర్నాడు పదకొండో నంబరు ధ్వంసమైంది. నేను మెమో టైపు చేశాను. గవరయ్య సంజాయిషీ ఇచ్చాడు: గొడ్డలి చెయ్యి జారింది. సత్యవేణి గారు దెబ్బతిన్న పరికరాన్ని నిబంధన ప్రకారం వంటశాలకి అప్పగించారు. ఆ మర్నాడు ఇరవయ్యో నంబరు. ఆ తర్వాత మూడు. మా ఆఫీసులో పని అంత సజావుగా ఎప్పుడూ నడవలేదు. పిల్లలు మిగిలిన పరీక్షలన్నీ రాశారు.

ఇరవై రెండు మెమోలయ్యాక విశ్వంభరం గారు విచారణాధికారిగా వచ్చారు. హాల్లో బల్ల వేసి, గవరయ్యని ఎదురుగా నిలబెట్టి, మెమోలన్నీ పేర్చుకున్నారు.

"ఇరవై రెండుసార్లు చెయ్యి జారిందా?"

"ఆయ్, జారిందండి."

"రోజూ ఒకే సమయానికి?"

"ఎసరు పెట్టే టైముకండి. అప్పుడే కంగారుగా ఉంటాదండి."

విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆరోపణలు నిస్సందేహంగా రుజువయ్యాయని రాయించారు. ఆయన చెడ్డమనిషి కాదు. పని ముగించి మా దగ్గరే భోంచేశారు, అన్నం బాగుందన్నారు కూడా. చెయ్యి కడుక్కుని వచ్చి శిక్ష చెప్పారు. తక్షణం సస్పెన్షన్.

నేను లేచి నిలబడ్డాను. "సార్, అతన్ని సస్పెండ్ చెయ్యడం కుదరదండి. ఉద్యోగి కాడు."

"కాడా?"

"కాడండి. ఇతరములండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఇంత పెద్ద నేరానికి శిక్ష లేకుండా పోతే వ్యవస్థ ఏమైపోతుందన్న బెంగ ఆయన మొహంలో కనిపించింది. చివరికి, "అయితే ముందు నియమించండి" అన్నారు.

ఇరవై రెండేళ్లుగా లేని ఖాళీ నలభై నిమిషాల్లో దొరికింది. ఇద్దరు పెద్దల ఫోన్లూ, ఒక ఫ్యాక్సూ అయ్యాక ఉత్తర్వు తయారైంది. టైపు చేసి, ముద్ర వేసి, గవరయ్య చేతికిచ్చాను. అతను చదవలేడు. నాకే తిరిగిచ్చి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను చదివాను. "శ్రీ గవరయ్య గారిని గోగులంక ప్రభుత్వ బాలికల హాస్టల్ నందు కట్టెలు కొట్టు ఉద్యోగిగా క్రమబద్ధమైన పద్ధతిలో నియమించడమైనది."

రెండో పేరా మొదలుపెట్టేలోపు అతను చెయ్యెత్తాడు.

"గారని రాసేరాండి అందులో?"

"రాశారు."

"ఇంకోసారి సదవండి బాబుగారూ. ఆ మొదటి ముక్కే."

నేను మళ్లీ చదివాను. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు రెండో పేరా చదివాను. పైన నియమితులైన ఉద్యోగిని అదే క్షణం నుంచి సస్పెండ్ చేయడమైనది. సస్పెన్షన్ కాలంలో ఆయన గొడ్డలి ముట్టరాదు. ప్రధాన కార్యస్థానం వదిలి వెళ్లరాదు. ప్రతిరోజూ హాస్టల్‌కి వచ్చి సంతకం చేసి సాయంత్రం దాకా ఉండవలెను.

"ఉంటానండి" అన్నాడు గవరయ్య. "ఇరవై రెండేళ్ల నించీ ఉంటానే ఉన్నాను గదండీ." కాగితాన్ని రెండో పేరా లోపలికి పోయేటట్టు మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

ఇంకా పదకొండు మొద్దులు మిగిలే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న గవరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, రిజిస్టర్లో ఎర్రసిరా గీతల మధ్య సంతకం నేర్చుకుంటూ చేశాడు. తర్వాత బయటికి వెళ్లి రెండో నంబరు మొద్దు పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వంటశాలలోంచి వరహాలమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుంటూ, సమ్మెట పుచ్చుకుని వచ్చింది. ఆమె కూడా ఉద్యోగి కాదు. చీపుళ్లకి కొంచెం పైన ఉంటుంది.

"ఆ పగులు మీద కాదమ్మా, దాని పక్కన. మేకు నిలబెట్టు. రెండే దెబ్బలెయ్యి. ఇప్పుడాగి ఇను."

వరహాలమ్మ ఆగి విన్నది. "సప్పుడైంది గవరయ్యా!"

"అయితే మూడోది ఎయ్యి."

పలక ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. నేను కిటికీలోంచి చూసి, మెషిన్లో కొత్త కాగితం పెట్టి ఆమె పేరు మీద మెమో టైపు చెయ్యడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా వరహాలమ్మ చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, నాకెన్నాళ్లు పడతాదండి సస్పెన్షను రావడానికి?"

ఇంకో ఇరవై ఒక్క మెమోలు కావాలని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి మొద్దులు లెక్కపెట్టుకుంది. పదే ఉన్నాయి. దిగులుగా ఆకాశంవైపు చూసింది. తూర్పున, సముద్రం మీద, మబ్బు పడుతోంది.